కొల్లేటి మత్స్యసంపద క్షయము : మన కర్తవ్యము

(వార్షిక మహాసభయందు చేసిన యుపన్యాసము)



కులసభలలో విద్యనుగూర్చియు, ఉద్యోగములనుగూర్చియు, వివాహవ్యయములనుగూర్చియు ప్రసంగించుట పరిపాటి. అవి యన్నియు వలసినవే. కాని మన తాతముత్తాతలకు అన్నము పెట్టిన నీటినిగూర్చి మన సభలలో మాటలాడువారు తక్కువ. మాటలాడినను అది పట్టాలనుగూర్చియో, గుత్తలనుగూర్చియో, ప్రభుత్వోద్యోగుల దండనలనుగూర్చియో యగుచున్నది గాని చేపనుగూర్చి కాదు. చేప లేనినాడు మత్స్యకారుడని పేరు మాత్రము మిగిలి ప్రయోజనమేమి? కావున నేడు కొల్లేటి చేపనుగూర్చి విన్నవింపదలచితిమి. ఇందు కొన్ని మాటలు చేదుగా నుండవచ్చును. ఆ చేదులో మా పాలు మేమును త్రాగుచున్నాము గనుక మీరు మన్నింతురని నమ్ముచున్నాము.

మహాశయులారా! కొల్లేరు కృష్ణా గోదావరీ డెల్టాల నడుమ పల్లమున నేర్పడిన మంచినీటి సరస్సు. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు, గుండేరు మొదలగు నేళ్లును, అరువదికి పైబడిన కాలువలును, మురుగుకోడులును దీనిలోనికి నీటిని తెచ్చును. వచ్చిన నీరు వెడలిపోవుటకు దారి యొక్కటే, ఉప్పుటేరు. అది సుమారు 60 కిలోమీటర్లు వంకరలు తిరిగి బంగాళాఖాతమున గలియును. 2022లో జిల్లాలు పునర్విభజింపబడినప్పటినుండి సరస్సులో నధికభాగము ఏలూరు జిల్లాలో నున్నది. కొల్లేరు లోతైన మడుగు కాదు, వెడలుపైన పళ్లెము వంటిది. నీటిమట్టము ఒక్క యడుగు హెచ్చినను తగ్గినను ఎన్నియో మైళ్ల నేల మునుగును లేక తేలును. ఈ సంగతిని మీరు మనసున నుంచుకొనవలెను. దీని యవసరము ముందు రాగలదు.

ఈ పళ్లెములో చేప యెట్లు పుట్టి యెట్లు పెరిగెడిదో చూతము. కొల్లేటి చేపలు మూడు తెగలవి. మొదటి తెగ కొల్లేటిలోనే పుట్టి కొల్లేటిలోనే చచ్చునవి: కొర్రమీను, మట్టగిడస, మార్పు, ఇంగిలాయి, జెల్ల మొదలగునవి. ఇవి నాచు, తుంగ, కిక్కిసపొదల నడుమ పలుచని నీటిలో గ్రుడ్లు పెట్టును. రెండవ తెగ ప్రవాహప్రియములు: బొచ్చె, మోసు, గండుమీను మొదలగునవి. నిలువనీటిలో నివి పెరుగును గాని గ్రుడ్లు పెట్టవు. తొలివరద నీటికి ఎదురేగి, క్రొత్తగా మునిగిన పల్లపునేలలపై గ్రుడ్లు విడుచును. మూడవ తెగ ఉప్పునీటితో సంబంధము గలవి. పండుగొప్ప, మలుగుపాము, మంచినీటి పెద్దరొయ్య ఈ తెగలోనివి. పెద్దరొయ్య మంచినీటనే పెరిగినను దాని పిల్లలకు మొదటి దినములలో ఉప్పుకలసిన నీరు కావలెను. కావున తల్లిరొయ్య ఉప్పుటేటివెంట దిగిపోవలెను, పిల్లలు మరల నెగబ్రాకి రావలెను. మలుగుపాము సముద్రమున బుట్టి మంచినీటికి వచ్చును.

దీనినిబట్టి మన సరస్సునకు మూడు వాకిళ్లున్నవని తెలియుచున్నది. పొదలుగల పలుచని అంచు మొదటిది. వరదనీరు వచ్చు ఏటిముఖము రెండవది. సముద్రమునకు బోవు ఉప్పుటేరు మూడవది. ఈ మూడును తెఱచియున్నంతకాలము ఎంత పట్టినను చేప మరల బుట్టినది. మూడును ఒక్కటొక్కటిగా మూతపడుటయే కొల్లేటి మత్స్యక్షయమునకు మూలము. ఎవరు మూసిరి? పరులు కొంత మూసిరి, మనము కొంత మూసితిమి.

ధవళేశ్వరమున 1852లో గోదావరి యానకట్టయు, బెజవాడయొద్ద 1855లో కృష్ణ యానకట్టయు పూర్తియయ్యెను. వానివలన డెల్టా అన్నపూర్ణ యయ్యెను. ఆ మేలును కాదనువారము కాము. కాని నాటినుండి డెల్టా పొలముల మురుగు కొల్లేటికి చేరుచు వచ్చినది. తరువాతికాలమున ఆ మురుగుతో రసాయనపు టెరువులును, పురుగుమందులును, పట్టణముల మలినమును, కర్మాగారముల వ్యర్థజలమును గలసివచ్చెను. ఎరువు దిగిన నీటిలో గుర్రపుడెక్క పెరిగి నీటిని కప్పివేసెను. దానిక్రింద వెలుగు సోకదు, నీటిలో ప్రాణవాయువు తగ్గును. గాలి మ్రింగి బ్రతుకగల కొర్రమీనును మార్పును అట్టి నీటికి కొంత యోర్చును. అట్టి శక్తి లేని చేపలు తొలగిపోవును, లేదా చచ్చును.

ఇక చేపలచెరువుల సంగతి. 1970 దశాబ్దమున ప్రభుత్వమువారు కొల్లేటి గ్రామములలో సహకారసంఘములు స్థాపించి, సరస్సు నేలలో చెరువులు త్రవ్వించి మనవారి కిచ్చిరి. పేదలకు స్థిరమైన జీవనము కల్పింపవలెనన్న యుద్దేశము మంచిదే. 1957లో హీరాలాల్ చౌధురి యను శాస్త్రజ్ఞుడు ఒరిస్సాలో మత్స్యగ్రంథిరసమును సూదితో నెక్కించి నిలువనీటి చేపలచేత గ్రుడ్లు పెట్టించుటలో కృతార్థుడయ్యెను. ఆ విద్య వ్యాపించినకొలది చేపపిల్లలకై ఏటివరదను నమ్ముకొనవలసిన పని లేకపోయెను. చెరువు త్రవ్వి, పిల్లను గొని విడిచి, తవుడు చల్లినచో శీలావతియు బొచ్చెయు పంటవలె చేతికి వచ్చెను. లాభము చూచి ధనికులు దిగిరి. గట్టుప్రక్క గట్టు లేచెను. 2001వ సంవత్సరపు ఉపగ్రహచిత్రములను బరిశీలించిన శాస్త్రజ్ఞులు, సుమారు 245 చదరపు కిలోమీటర్ల సరస్సులో నూటికి సుమారు 42 వంతులు చేపలచెరువులే యాక్రమించినవని తేల్చిరి.

ఇచ్చట నొక వింత గలదు. నేడు మన రాష్ట్రము దేశమున చేపల యుత్పత్తిలో మొదటిస్థానమున నున్నది. కొల్లేటి చుట్టుపట్ల నుండి మంచుగడ్డలలో పెట్టిన చేప బండ్లకొలది దూరదేశములకు బోవుచున్నది. ఇంత చేప యుండగా చేప తగ్గినదని యేడ్చుట యేమని యడుగువారు గలరు. వారికి మా ప్రత్యుత్తర మిది. చెరువులోని చేపకు యజమానుడు గలడు. పెట్టుబడి గలవానికది దక్కును. సరస్సులోని చేప తాటిదోనెయు, మావును, విసురువలయు గల పేదవానికి దక్కెడిది. తగ్గినది పేదవాని చేప. ఆ రెండింటిని ఒక్క లెక్కలో వ్రాసినచో మన యింటి యాకలి ఆ లెక్కలో కనబడదు. అంతేకాదు, చెరువుగట్లే వరదనీటి కడ్డుపడి సరస్సుచేప గ్రుడ్లుపెట్టు నేలను మ్రింగినవి. గట్లు తెగినప్పుడు ఫంగస్, రూప్‌చంద్ మొదలగు పరదేశపు చేపలు సరస్సున బడి మన చేపల తిండికి పోటీ వచ్చుచున్నవి.

1999లో ప్రభుత్వము సముద్రమట్టమునకు 5 అడుగుల కాంటూరువరకు గల 308 చదరపు కిలోమీటర్ల మేర వన్యప్రాణి యభయారణ్యముగా బ్రకటించెను. సంప్రదాయపద్ధతిని చేపలు పట్టుకొనుట కందవకాశ ముంచిరి. 2002లో కొల్లేరు రామ్‌సార్ ఒడంబడిక క్రింద అంతర్జాతీయ ప్రాముఖ్యముగల తడినేలలలో జేరెను. 2006లో అత్యున్నత న్యాయస్థానపు టాజ్ఞానుసారము చెరువుల గట్లు ప్రేల్చివేయబడెను. ఆ దినములు మీకు జ్ఞప్తియందుండును. గట్లు తెగినపుడు పెద్దలకు పెట్టుబడి పోయినది, మన కూలివారికి కూడు పోయినది. ప్రత్యామ్నాయ జీవనము చూపుటలో జరిగిన లోపమును మేమెన్నడును సమర్థింపము. పిమ్మట కొన్నిచోట్ల గట్లు మరల లేచుటయు మనమెఱుగనిది కాదు.

సోదరులారా! ఇంతవరకు పరుల దోషము చెప్పితిమి. ఇప్పుడు మన దోషము. సంఘములకు చెరువులిచ్చినప్పుడు ఆ చెరువులను మనవారే సాగుచేయవలెనని నిర్ణయము. ఎన్ని సంఘములు చేసెను? పెట్టుబడి లేదను నెపమున పరులకు లోగుత్త కిచ్చితిమి. మా గ్రామమున నట్టి కాగితమొకటి వ్రాయబడినప్పుడు సభ్యులందరు వరుసగా చేవ్రాళ్లు చేసిరి. అందు మా చేవ్రాలును గలదు. ఆనాడు చేతికి వచ్చిన ధనము ఒక పెండ్లికిని, ఒక యింటి పైకప్పునకును సరిపోయినది. తరువాత ఆ గట్టుమీదనే మనవారు కావలివాండ్రై కూలికి నిలిచిరి. నీరు మనది, గట్టు పరునిది, రాత్రి చలి మనది! ఆ చేవ్రాలు చేసిన చేతితోనే నేడు మీకు నమస్కరించుచున్నాము గనుక, ఈ మాట మిమ్ము నిందించుటకు గాదని గ్రహింపుడు.

రెండవ దోషము వలలది. మా చిన్ననాట కొర్రమీను పిల్లలు ఎఱ్ఱని నలుసులవలె గుంపుగట్టి నీటిపై తేలియాడుచుండగా చూచి మేము వల యెత్తబోతిమి. దోనెలోనున్న పెద్దాయన మా చేయి పట్టుకొని, "క్రింద తల్లి యున్నదిరా, ముట్టకు" మనెను. కొర్రమీను తన పిల్లలగుంపు క్రిందనే కాచుకొనియుండును. ఆ సమయమున తల్లిని గాని తండ్రిని గాని పొడిచినచో దిక్కులేని వేలకొలది పిల్లలు ఇతర చేపలకు ఆహారమగును. ఒక్క చేపకొరకు ఒక తరము పోవును. ఆ పెద్దాయనకు అక్షరములు రావు గాని ఈ శాస్త్రము వచ్చును. నేడు పిల్లలగుంపు కనబడుటయే తల్లి జాడయని పొడుచుచున్నారు. దోమతెరవంటి సన్నకంటి వలలతో వ్రేలెడైన లేని పిల్లలను కుప్పలుగా తీసి ఎండబెట్టుచున్నారు. కొందరు నీటిలో మందు గలుపుటకును, విద్యుత్ప్రవాహము విడుచుటకును వెనుదీయుటలేదు. మందుతోను మందుగుండుతోను చేపలను చంపుట 1897వ సంవత్సరపు మత్స్యశాసనముననే నిషేధింపబడినది. శాసనమున్నది, కట్టుబాటు చచ్చినది.

ఇక మనలో వివాదమునకు మూలమైన కాంటూరు సంగతి. అభయారణ్యపు హద్దును 5 అడుగులనుండి 3 అడుగులకు తగ్గింపవలెనని 2008లో రాష్ట్ర శాసనసభ తీర్మానించెను. దానిపై కేంద్రప్రభుత్వము నియమించిన అజీజ్ సంఘము, హద్దు తగ్గింపదగదని 2011లో నివేదించెను. నేటికిని మన సభలలో "మూడడుగుల" తీర్మానము చేయుడని యడుగువారు గలరు. వారి బాధను మేమెఱుగుదుము. హద్దులోపల జిరాయితీ భూములు చిక్కుకొన్న రైతులకు న్యాయమైన పరిహారము రావలెను. అందు రెండుమాటలు లేవు.

కాని, చేపమీద బ్రతుకు మనము ఈ తీర్మానమును కోరుట యెట్టిదో యోచింపుడు. కొల్లేరు పళ్లెమువంటిదని మొదటనే విన్నవించితిమి. రెండడుగులు తగ్గించినచో సరస్సునకు మిగులునది సగమునకు లోపు. పోవు భాగమేది? పొదలుగల పలుచని అంచు, వరదకు క్రొత్తగా మునుగు పల్లము. అనగా కొర్రమీను పురిటిల్లును, వరదచేప పురిటిల్లును అదియే. నడిమి నీరు మాత్రము మిగిల్చి, అంచును గట్టుగలవానికి విడిచినచో మనకు దక్కునది చేపలు పుట్టని నీరు. అంచు పోయిన సరస్సు వరదనుగూడ నోర్వలేదు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడను ముంచినప్పుడు ఆ నీరు దిగివచ్చినది కొల్లేటికే. లంకగ్రామములు జలమయమగుట మనము కన్నులార చూచితిమి. నీటికి చోటు తగ్గించినకొలది అది మన యిండ్లలో చోటు చూచుకొనును. కావున ఈ మహాసభ చిన్న కొల్లేటిని గోరరాదు, చేపగల కొల్లేటిని గోరవలెనని మా మనవి.

చేప మరల వచ్చునా యని నిరాశపడువారికి చిలికా సరస్సు నుదాహరింతుము. అది ఉప్పునీరు మంచినీరు గలసిన సరస్సు. కొల్లేటితో సర్వవిధముల బోల్పదగినది కాదు. కాని సముద్రమునకు బోవు దాని ముఖము ఇసుకతో పూడి, చేప క్షీణించి, 1999-2000 సంవత్సరమున రెండువేల టన్నులకు లోపుగా దిగెను. 2000 సెప్టెంబరులో క్రొత్తముఖము త్రవ్వి తెఱచిరి. 2001-02 నాటికి పట్టుబడి పదివేల టన్నులు దాటెను. వాకిలి తెఱచినచో చేప వచ్చునని దీనివలన దెలియుచున్నది. అచ్చటను పిమ్మట రొయ్యలకై నీటిలో అక్రమముగా గట్టిన కట్టడములు తొలగింపవలసివచ్చెను. వాకిలి తెఱచినవాడు ఇల్లు కాచుకొనవలెనను పాఠమును అందే యున్నది.

మహాశయులారా! ఇక మన కర్తవ్యము. ప్రభుత్వమును గోరవలసినవి కొన్ని, మనమే చేయదగినవి కొన్ని.

ప్రభుత్వమును గోరవలసినవానిలో మొదటిది ఉప్పుటేటి పూడిక తీయించి, ప్రవాహమున కడ్డమైన ఆక్రమణలను తొలగించుట. ఉప్పుటేటిపై రెగ్యులేటర్లు కట్టవలెనని చిరకాలముగా వినబడుచున్నది. వేసవిలో మంచినీరు నిలుచుటకును, ఉప్పునీ రెగదన్నకుండుటకును అవి మేలే. కాని పండుగొప్పయు, పెద్దరొయ్యయు వచ్చి పోవుటకు తగిన కాలములందు తలుపులు తెఱచు నియమము ముందే వ్రాయబడవలెను. ఆ నియమము వ్రాయునపుడు మత్స్యకారు నొకని అచ్చట కూర్చుండబెట్టవలెను. రెండవది, పట్టణముల మురుగును కర్మాగారముల నీటిని శుద్ధిచేసిన పిమ్మటనే విడువవలెను. మూడవది, సముద్రపు వేటకు మన తూర్పుతీరమున ఏప్రిల్ 15 మొదలు జూన్ 14 వరకు 61 దినములు విరామ మున్నది. ఆ కాలమునకు సముద్రపు మత్స్యకారులకు భృతి యిచ్చుచున్నారు. కొల్లేటికిని చేప గ్రుడ్లుపెట్టు కాలమున అట్టి విరామమును, అట్టి భృతియు గావలెను.

మనమే చేయదగిన పనులకు ఎవరి యుత్తరువును అక్కరలేదు. ఆర్ద్రకార్తె ప్రవేశించినది మొదలు పుష్యమికార్తె తుదివరకు, అనగా సుమారు నలువది దినములు, గ్రామమున కొక్కటిగా నిర్ణయించుకొన్న పొదల మేరలో వల వేయరాదని కట్టుబాటు చేసికొందము. మృగశిరనాడు చేప తినుట మన దేశాచారము. ఆ పండుగ ముగిసినపిదప చేపకు దాని పండుగ విడుచుట ధర్మము. పిల్లలగుంపు కాచు కొర్రమీనును పట్టరాదు. పట్టినవాడు కులపంచాయతీకి తప్పు చెల్లింపవలెను. దోమతెర వలను గ్రామమున బెట్టరాదు. ఎవని యింట నున్నను వలకు వెల యిచ్చి పుచ్చుకొని తగులబెట్టవలెను. మందు గలిపినవానిని, విద్యుత్తు విడిచినవానిని, వాడు మన యన్నదమ్ముడైనను, దాచరాదు. సంఘపు నీటిని లోగుత్త కీయరాదు. ఏ కాగితముమీదనైనను చేవ్రాలు చేయుటకు ముందు సభలో దానిని బిగ్గరగా చదివించుకొనవలెను.

ఈ నలువది దినములు పేదవాడు పస్తుండవలెనా యని మీరడుగవచ్చును. న్యాయమైన ప్రశ్నయే. మా యింటను ఆ ప్రశ్న యడుగబడినది. చేపలబుట్ట నెత్తిన బెట్టుకొని ఊరూర దిరిగి అమ్మి, ఆ డబ్బుతో సాయంకాలము బియ్యము తెచ్చు మన యాడువారికి విరామమనగా ఖాళీబుట్ట. భృతి వచ్చువరకు వారి కుండ యెట్లుడుకును? ఇచ్చటనే పోషకమహాశయుల సాయము మేమర్థించుచున్నాము. మీరు మన విద్యార్థులకు వసతులు కట్టించితిరి, సభలకు విరాళము లొసంగితిరి. ఇకమీద ప్రతిసంవత్సరము సభాలంకారములకై వ్యయమగు ద్రవ్యములో కొంతభాగమును విరామనిధి యను పేర వేరుచేసి, ఒక్క గ్రామముతో నారంభింపుడు. ఆ గ్రామమున నలువది దినములు బియ్యము నప్పుగా నిచ్చి, చేప పెరిగినపిదప వడ్డీలేక తిరిగి పుచ్చుకొనవచ్చును. మూడేండ్లు ఆ గ్రామపు పట్టుబడి లెక్కలు వ్రాయించి ఈ సభయందే చదివింపుడు. లెక్క మంచిదైనచో ప్రక్కగ్రామము తానే వచ్చి యడుగును. చెడ్డదైనచో మేము నిలిచి మా మాట తప్పని యొప్పుకొందుము.

చదువుకొన్న యువకులకొక మాట. మీలో పెక్కురు ఉద్యోగములకై పట్టణములకును దూరదేశములకును బోయితిరి. సంతోషము. కాని కొల్లేటి చేపల పేళ్లు ఎన్ని మీరు చెప్పగలరు? ఏ చేప ఏ కార్తెలో ఏ పొదలో గ్రుడ్డుపెట్టునో తెలిసిన వృద్ధులు మన గ్రామములలో ఇంకను కొందరు జీవించియున్నారు. సెలవులలో వచ్చినపుడు వారి ప్రక్కన గూర్చుండి ఆ సంగతులు వ్రాసికొనుడు. శాస్త్రజ్ఞులు వచ్చి యడిగిననాడు మన చేతిలో చూపుటకు కాగితముండవలెను. హద్దులు నిర్ణయించు సభలలో మన మాటకు విలువ గలుగుటకు అదియొక మార్గము.

కొల్లేటికోటలో పెద్దింట్లమ్మ తల్లికి ఫాల్గుణమాసమున తిరునాళ్లు జరుగును. నాలుగుదిక్కుల నుండి మనవారు పడవలెక్కి వచ్చి తల్లికి మ్రొక్కుదురు. నీరు నిలుపుమనియు, చేప నిమ్మనియు మ్రొక్కువారే గాని, నీరు తగ్గింపుమని మ్రొక్కినవానిని మేమిదివరకు చూడలేదు. తల్లియెదుట కోరని కోరికను తీర్మానములలో కోరకుందము. తల్లిచేపను విడుచుటయు, పురిటినేలను కాచుటయు, సంఘపు నీటిని అమ్మకుండుటయు, ఈ మూడు కట్టుబాట్లు నేడు మీ యెదుట నుంచుచున్నాము. వీనిని చర్చించి, తప్పులుండిన దిద్ది, ఒప్పైనచో చేతులెత్తి యంగీకరింపుడు. మొదటి చేయి మేమెత్తుచున్నాము.

మన కులము వర్ధిల్లుగాక! కొల్లేరు నిండుగాక!